చదువబ్బకపోతే మెకానిక్ షెడ్డా?

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒక సహోద్యోగి తన ఆరో తరగతి కొడుకు గురించి వాపోతున్నాడు. యూనిట్ టెస్టులో లెక్కలకి పాతికకి తొమ్మిదొచ్చాయట. "ఇలాగే ఉంటే తీసుకెళ్ళి మెకానిక్ షెడ్డులో పడేస్తానని చెప్పా వెధవకి" అన్నాడు. అందరం నవ్వాం. (నేనూ నవ్వాను, అబద్ధమెందుకు?) పక్కనే కూర్చున్న ఇంకో మహానుభావుడు అందుకుని, "నాకైతే నిజంగానే ఈ జాబ్ మానేసి ఒక బైక్ గ్యారేజ్ పెట్టుకోవాలనుంది బ్రో, హాయిగా ఉంటుంది" అన్నాడు. ఈయన రాత్రిళ్ళు యూట్యూబులో పాత యెజ్డీలు బాగుచేసే వీడియోలు చూస్తుంటాడు లెండి.

ఒకాయనకి షెడ్డు అంటే పిల్లాడికి వేసే శిక్ష. ఇంకొకాయనకి అదొక విహారయాత్ర. అది ఒక చదువు అనీ, దాన్ని నేర్పడానికి ఒక పద్ధతి కావాలనీ, నేర్చుకోవడానికి కొన్నేళ్ళు పడుతుందనీ ఇద్దరికీ తట్టలేదు. ఆ రెండు మాటల మీదా నాకు బోలెడంత కోపం ఉంది. అదెందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను పేరుకి మెకానికల్ ఇంజనీరుని. 2018లో పట్టా పుచ్చుకున్నాను. నాలుగేళ్ళలో థర్మోడైనమిక్స్ చదివాను, ఐ.సి. ఇంజన్స్ చదివాను, ఆటో సైకిల్‌కి పి-వి డయాగ్రమ్ నిద్రలో లేపి అడిగినా గీసేవాణ్ణి. ల్యాబులో మోర్స్ టెస్టు, హీట్ బ్యాలెన్స్ షీటు, వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ అన్నీ "చేశాం". చేశాం అంటే ఇరవైమందిమి చుట్టూ నిలబడితే ల్యాబ్ అసిస్టెంటు ఇంజను స్టార్ట్ చేసేవాడు, మేము సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకునేవాళ్ళం. నాలుగేళ్ళలో నా చేత్తో నేను ఒక్క ఇంజను విప్పింది లేదు. ఆఖరికి ఒక స్పార్క్ ప్లగ్గు కూడా ఊడదీసిన పాపాన పోలేదు. తర్వాత క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి మెకానికల్, సివిల్, ఈసీఈ తేడా లేకుండా అందర్నీ కట్టగట్టి తీసుకుపోయింది. ఆ కథ మీకు కొత్త కాదు, ఇది చదివేవాళ్ళలో సగంమంది కథ అదే.

మా బాబాయి కొడుకు నాకంటే ఐదు నెలలు చిన్న. 2012లో ఇద్దరం పదో తరగతి రాశాం. నేను పాసయ్యాను, వాడు లెక్కల్లో పోయాడు. నన్ను విజయవాడ కాలేజీలో వేశారు, వాణ్ణి నరసరావుపేటలో ఒక టూవీలర్ షెడ్డులో వేశారు. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు.

షెడ్డులో చదువు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలీదు కాబట్టి చెప్తాను. మొదటి ఆరు నెలలు పానా పట్టుకోనివ్వరు. పొద్దున్నే షట్టరు తీసి ఊడవడం, టీ తేవడం, విప్పిన సామాన్లు కిరసనాయిల్లో బ్రష్షు పెట్టి కడగడం. మేస్త్రి తలెత్తకుండా చెయ్యి చాపి "పది, పదకొండు" అంటే ఆ నంబరు పానా చేతిలో పడాలి. పన్నెండు పడితే అదే పానాతో వేలి కణుపుల మీద పడుతుంది. అలా కడుగుతూ కడుగుతూనే ఏ సామాను ఎక్కడిదో తెలుస్తుంది. తర్వాత పంక్చర్లు, ఆయిలు మార్చడం, చైను బిగించడం. రెండో ఏడు బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, కార్బొరేటరు. మూడో ఏడు హెడ్డు దించనిస్తారు. ఆ తర్వాతెప్పుడో ఇంజను మొత్తం విప్పి, బోరు లేత్‌కి పంపించి, రింగులు వేసి తిరిగి బిగించే దాకా వస్తుంది. అన్నీ బిగించాక నేల మీద ఒక్క వాషరు మిగిలినా మళ్ళీ మొదటినించీ విప్పాల్సిందే.

ఇది చదువు కాదా? దీనికి సిలబస్ ఉంది, వరస ఉంది, పరీక్ష ఉంది. పరీక్ష రోజూ ఉంటుంది, అందులో కాపీ కొట్టడం కుదరదు. బండి స్టార్టయితే పాసు, లేకపోతే ఫెయిలు. మన యూనిట్ టెస్టు కేసులు గుర్తొస్తున్నాయా?

ఇంకో మాట. మనం మాత్రం ఉద్యోగం ఎలా నేర్చుకున్నాం? మైసూరులోనో చెన్నైలోనో మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చారు. తర్వాత ప్రాజెక్టులో వేసి ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టారు. ఆయన రాసిన కోడ్ చదివాం, ఆయన చెప్పిన చిన్న చిన్న బగ్గులు సరిచేశాం, కోడ్ రివ్యూలో తిట్లు తిన్నాం. రెండేళ్ళకి చెయ్యి తిరిగింది. దీన్ని తెలుగులో శిష్యరికం అంటారు, ఇంగ్లీషులో అప్రెంటిస్‌షిప్ అంటారు. మనకీ మా తమ్ముడికీ తేడా ఏంటంటే నేర్చుకున్నన్నాళ్ళూ మనకి జీతమిచ్చారు, పి.ఎఫ్. కట్టారు, వెళ్ళేటప్పుడు అనుభవ పత్రం ఇచ్చారు. వాడికి మధ్యాహ్నం భోజనం, రోజుకి యాభై రూపాయలు. అది కూడా రెండో ఏడు నుంచి.

ఇక్కడే రెండో మహానుభావుడికి, అంటే పాత యెజ్డీల ఆయనకి, నా జవాబు. షెడ్డు శిష్యరికం గురించి పొంగిపోయి రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గురుశిష్య పరంపరట, చేతివృత్తుల సౌందర్యమట! మా తమ్ముడు చేరిన షెడ్డులో వాడికంటే చిన్నవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకడికి పన్నెండేళ్ళుంటాయేమో. బడికి వెళ్ళాల్సిన పిల్లాడు పెట్రోల్లో చేతులు నానబెట్టుకుని కూర్చునేవాడు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువు హక్కు అని 2009లో చట్టం చేశాం. పద్నాలుగు లోపు పిల్లల్ని కుటుంబ పనుల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించాం. పన్నెండేళ్ళవాడు పానా పట్టుకుంటే అది శిష్యరికం కాదు, బాలకార్మికం. తెల్లచొక్కా వేసుకుని బండి సర్వీసింగుకిచ్చి, "తమ్ముడూ, సీటు కాస్త తుడువు" అన్న ప్రతివాడికీ అందులో వాటా ఉంది. నాకూ ఉంది.

"అయితే ప్రభుత్వం ఏం చేస్తోంది, అప్రెంటిస్ చట్టం ఉంది కదా?" అంటారు. ఉంది. 1961 నుంచీ ఉంది. మోటర్ వెహికిల్ మెకానిక్ అనేది అందులో గుర్తింపు ఉన్న ట్రేడే. ఐ.టి.ఐ.లో పదో తరగతి తర్వాత రెండేళ్ళ కోర్సు కూడా ఉంది. ఆ కోర్సు చేసినవాళ్ళని ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. అప్రెంటిస్‌కి స్టైపెండు నెలకి కనీసం 5,000 నుంచి 9,000 దాకా, చదువుని బట్టి, ఇవ్వాలని 2019లో నిబంధనలు మార్చారు. అందులో పావలా వంతు, 1,500 రూపాయలకి మించకుండా, కేంద్రం భరిస్తుందని 2016లోనే పథకం పెట్టారు. కాగితం మీద అంతా బంగారమే.

కానీ ఒక్క నిబంధన చూడండి. ముప్ఫైమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లని తప్పనిసరిగా పెట్టుకోవాలి. నలుగురి నుంచి ముప్ఫై లోపు ఉంటే ఇష్టమైతే పెట్టుకోవచ్చు. నలుగురికంటే తక్కువైతే అసలు లెక్కలోకే రారు. ఇప్పుడు మీ వీధి చివర మెకానిక్ షెడ్డులో ఎంతమందున్నారో లెక్కపెట్టండి. ఒక మేస్త్రి, ఒక చెయ్యి తిరిగినవాడు, ఒక కుర్రాడు. మన ఊళ్ళలో నిజంగా మెకానిక్కులు తయారయ్యే చోటు అదే, చట్టం కంటికి ఆనని చోటూ అదే. ప్రొడక్షన్ సర్వర్ ఒకచోట నడుస్తుంటే మానిటరింగ్ ఇంకోచోట పెట్టి డ్యాష్‌బోర్డు అంతా పచ్చగా ఉందని సంబరపడ్డట్టుంది.

పోనీ చేతివృత్తుల కోసమని 2023లో పి.ఎం. విశ్వకర్మ పథకం పెట్టారు కదా అని దాని జాబితా తీసి చూశాను. పద్దెనిమిది వృత్తులున్నాయి. కమ్మరి, వడ్రంగి, దర్జీ, మంగలి, తాళాలు చేసేవాళ్ళు, పూలదండలు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఉండాలి, సంతోషం. మోటర్ మెకానిక్ మాత్రం లేడు. తాతల నాటి పని కాదు కాబట్టి సంప్రదాయం కిందికి రాడు, ముగ్గురే పనిచేస్తారు కాబట్టి పరిశ్రమ కిందికీ రాడు. మరి ఎవరి కిందికి వస్తాడు? బండి కిందికి వస్తాడు, అంతే :)

మా తమ్ముడి సంగతికొద్దాం. ఆరేళ్ళు నేర్చుకుని, ఇంకో ఏడాది అక్కడే పనిచేసి, 2019లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఏడాది తిరక్కముందే కరోనా. దాంతో పాటే ఇంకోటి వచ్చింది, దాని గురించి పేపర్లో పెద్దగా ఎవరూ రాయలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బి.ఎస్.6. అంటే మామూలు బండ్లలో కూడా కార్బొరేటరు పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్లు, ఈసీయూ, స్కానరు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న కార్బొరేటర్ విద్య కొత్త బండ్ల మీద పనికిరాకుండా పోయింది. మనకి ఒక ఫ్రేమ్‌వర్క్ పాతబడితే కంపెనీ డబ్బులతో కోర్సులు చేస్తాం. వాడికి ఎవరు చెప్తారు?

ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో చేరి ఆరు నెలలు నేర్చుకుందామని వెళ్ళాడు. "ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉందా?" అన్నారు. లేదు. "పదో తరగతి పాసా?" కాదు. "అయితే వాషింగ్‌లో చేరతావా?" అన్నారట. ఇరవై మూడేళ్ళవాడు, ఎన్ని ఇంజన్లు దించి ఎక్కించాడో లెక్కలేనివాడు, బండ్లు కడగడానికి మాత్రమే అర్హుడు. అంటే చేరిన మొదటి రోజు చేసిన పని. వాడు తిరిగొచ్చి నాకు ఫోన్ చేసి నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నా బండికి ఒక రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ స్టార్టయ్యేది. హైదరాబాదులో సర్వీస్ సెంటర్లో రెండుసార్లు ఇచ్చాను. స్కానరు పెట్టి చూసి, ఈసీయూ మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నారు. సంక్రాంతికి ఊరికెళ్తూ ఆ బండి మీదే వెళ్ళాను (తెలివి!). మా తమ్ముడు స్కానరు లేకుండా ఒకే ప్రశ్న అడిగాడు: "అన్నయ్యా, ఆగినప్పుడు ఎక్కడున్నావు, రోడ్డు మీదా, మలుపులోనా?" ఆలోచిస్తే ఎక్కువసార్లు మలుపుల్లోనే. బండి స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పాడు. ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి తిప్పాడు. మళ్ళీ ఆగిపోయింది. హెడ్‌లైటు విప్పి చూస్తే హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్టలో ఒక వైరు రాసుకుని రాసుకుని తెగే దశలో ఉంది. ముక్క వేసి, టేపు చుట్టి, కట్ట కొంచెం వదులుగా కట్టాడు. ఇరవై నిమిషాలు.

అయ్యా, దీన్ని మన భాషలో ఏమంటారు? బగ్ ఎప్పుడొస్తుందో కనుక్కోవడం, మళ్ళీ రప్పించడం, కారణం పట్టుకోవడం, మళ్ళీ రాకుండా సరిచేయడం. దీనికే కదా మనకి లక్షల్లో ప్యాకేజీలు! "బయటివాళ్ళ దగ్గరైతే ఎంత తీసుకుంటావురా?" అనడిగాను. "రెండొందలు చెప్తా. టేపు చుట్టినందుకు రెండొందలా అని వందిస్తారు" అన్నాడు. ఒక్క లైను మార్చిన ఫిక్సుకి మూడు రోజులు ఎఫర్ట్ వేసి క్లయింటుకి బిల్లు పంపే జాతి మనది. మనమే అక్కడ బేరమాడేది.

ఆ రోజు సాయంత్రం వాడు ఇంకో మాట అడిగాడు. "అన్నయ్యా, పొగగొట్టం దగ్గర ఆక్సిజన్ సెన్సార్ ఉంది కదా, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో దానికెలా తెలుస్తుంది?" అది నాకు తెలుసు! పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకి బరువులో సుమారు 14.7 పాళ్ళు గాలి కావాలి. గాలి ఎక్కువైతే పొగలో ఆక్సిజన్ మిగులుతుంది, తక్కువైతే మిగలదు. ఆ తేడాకి సెన్సార్ వోల్టేజీ మారుతుంది, పెట్రోలు ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టుల దాకా పోతుంది, తక్కువైతే 0.1 దగ్గరికి పడిపోతుంది. కాగితం మీద గీసి చెప్పాను. వాడు వెంటనే మల్టీమీటరు తెచ్చి, ఎదురుగా ఉన్న బండికి పెట్టి చూశాడు. ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. "ఓహో, అందుకా!" అన్నాడు. నా ఇంజనీరింగు నాలుగేళ్ళూ ఒక మనిషికి ఉపయోగపడింది ఆ పది నిమిషాలే.

నా బాధంతా ఇదే. వాడి చేతికి ఈ పది నిమిషాల పాఠం పదేళ్ళ ముందే అందాలి. నా పాఠానికి వాడి చెయ్యి అప్పుడే అందాలి. ఒకే చదువుని మధ్యకి కోసి, ఒక ముక్కకి డిగ్రీ అని పేరుపెట్టి గోడకి తగిలించాం, ఇంకో ముక్కని షెడ్డులో పడేశాం.

జర్మనీలో ఇలా కోయలేదు. అక్కడ మోటర్ మెకానిక్ కావాలంటే మూడున్నరేళ్ళ శిక్షణ. వర్క్‌షాపుతో రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. వారంలో ఎక్కువ రోజులు వర్క్‌షాపులో పని, మిగతా ఒకట్రెండు రోజులు వృత్తి బడిలో పాఠాలు. కొన్ని చోట్ల ఆ పాఠాలు వారాల తరబడి ఒకేసారి చెప్తారు. మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ అని విడివిడిగా ఉన్న ట్రేడులని 2003లోనే కలిపేసి "మెకట్రానిక్స్" చేశారు, బండిలో ఇక కంప్యూటరుంటుందని వాళ్ళకి అప్పుడే అర్థమైంది కాబట్టి. శిక్షణ కాలంలో కనీస భత్యం ఎంతో 2020 నుంచి చట్టంలోనే ఉంది. చివర పరీక్ష, దేశమంతా చెల్లే పత్రం. అక్కడా అంతా పూలపాన్పేం కాదు. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే పిల్లల్ని వేర్వేరు బడులకి విడదీస్తారు, అది నాకు నచ్చదు. ఆ విడదీయడం మనకొద్దు. ఆ ఒప్పందం, ఆ బడి, ఆ భత్యం, ఆ పత్రం, ఈ నాలుగూ కావాలి.

మనకి కుదరదా? విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షెడ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఇరవై షెడ్లని కలిపి ఒక సంస్థగా లెక్కేస్తే నలుగురి నిబంధన అడ్డురాదు. పద్నాలుగు నిండనివాణ్ణి పెట్టుకుంటే షెడ్డుకి తాళం. పద్నాలుగు దాటినవాడికి వారంలో ఒకరోజు పక్క ఐ.టి.ఐ.లో పాఠం: మల్టీమీటరు, స్కానరు, ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టకూడదో. పరీక్ష పెట్టేది ప్రొఫెసర్లు కాదు, మేస్త్రులు. అలాగే మెకానికల్ బీటెక్ వాడికి ఒక సెమిస్టరు షెడ్డులో, సామాన్లు కడగడం దగ్గర్నుంచి. మోర్స్ టెస్టు రికార్డు కాపీ కొట్టడం కంటే అది నయం. ఇప్పటికే పని నేర్చినవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి (ఆర్.పి.ఎల్. అంటారు) కేంద్రం పథకంలో ఉంది. నేను చెప్పేదాకా దాని పేరు మా తమ్ముడికి తెలీదు. చెప్పాల్సినవాళ్ళు షెడ్డు గడప తొక్కితే కదా.

"ఇన్ని కబుర్లు చెప్తున్నావు, రేపు నీ కొడుకుని షెడ్డులో వేస్తావా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. ఇప్పుడున్న షెడ్డులో వెయ్యను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. భత్యం లేని, పత్రం లేని, పెళ్ళి సంబంధానికి వెళ్తే "ఏం చదివాడు?" దగ్గరే తలుపు మూసుకుపోయే చోట నేను నా కొడుకుని వెయ్యను. మా బాబాయి మాత్రం వేశాడు, ఆయనకి వేరే దారి లేదు కాబట్టి. నా కొడుకుకి పనికిరాని పద్ధతి మా బాబాయి కొడుకుకి ఎలా పనికొచ్చిందన్నదే నా ప్రశ్న. దానికి జవాబు తెలిసినవాళ్ళు చెప్పండి, వింటాను.

మా తమ్ముడికి రెండు సంబంధాలు అలాగే పోయాయి. మూడోది కుదిరేలా ఉంది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారు లారీ డ్రైవరు. ఆయన ఏం చదివాడని అడగలేదు. షెడ్డుకొచ్చి, ఒక స్టూలు వేసుకుని, గంటసేపు వాడు పనిచేయడం చూసి వెళ్ళాడు.